బతికుండగానే పంపిన సంతాపం

2024 అక్టోబరు 7, సోమవారం. పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని కొత్త పేరు ప్రకటించి అప్పటికి నెల కూడా నిండలేదు. భోజనాల వేళ టిఫిన్ క్యారియర్ విప్పుతుండగా నా ఫోనుకు ఒక సందేశం వచ్చింది. రతన్ టాటా ఇక లేరని, కింద దీపం బొమ్మ, చేతులు జోడించిన బొమ్మ. పంపింది నాకు బాగా తెలిసిన మనిషి, అబద్ధాలాడే రకం కాదు. మా బంధువుల గ్రూపుకొకసారి, ఇక్కడి తెలుగు కుటుంబాల గ్రూపుకొకసారి పంపేశాను. నా తరఫున "ఓం శాంతీ" అని చివర్లో ఒక మాట కూడా చేర్చాను. తొందరలో దీర్ఘం పడింది. అంతా కలిపి పది సెకన్లు పట్టి ఉంటుంది. సాంబారన్నం చల్లారనే లేదు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మా మావయ్యగారు వరండాలో కూర్చుని ఉన్నారు. మధ్యాహ్నం అన్నం తినలేదని మా అబ్బాయి చెప్పాడు. ఆయన జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్‌లో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఉత్తరాంధ్ర నుంచి తరాల క్రితం అక్కడికి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, వాటిలో మాదొకటి. ఫోను నా చేతికిచ్చి, "అమ్మాయ్, ఇది నీ రాతేనా?" అన్నారు. ఆ సందేశం ఆయనకు జంషెడ్‌పూర్‌లోని పాత స్నేహితుడి దగ్గర్నుంచి వచ్చింది. చివర్లో "ఓం శాంతీ", దీర్ఘంతో సహా. నా మాట సముద్రం దాటి వెళ్లి, గంటన్నరలో మా ఇంటికే తిరిగొచ్చింది.

అప్పటికే రతన్ టాటా స్వయంగా ఒక ప్రకటన విడుదల చేశారు. తన ఆరోగ్యం గురించి వస్తున్న వదంతులు తనకు తెలుసని, అవి నిరాధారమని, వయసు కారణంగా వైద్య పరీక్షలు చేయించుకుంటున్నానని, ఆందోళన అక్కర్లేదని, తప్పుడు సమాచారం పంచవద్దని దాని సారాంశం. తన గురించి తలచుకున్నందుకు ధన్యవాదాలు కూడా చెప్పారు. అది చదివి నాకు తల కొట్టేసినట్టయింది. నా సందేశాన్ని రెండు గ్రూపుల్లోనూ తీసేశాను. కానీ అప్పటికే ముందుకెళ్లిపోయిన కాపీలను తీసేసే మీట ఏ ఫోనులోనూ లేదు.

మనం బ్యాంకు మనుషులం. నోటు చేతికొస్తే వెలుతురుకు పట్టి చూస్తాం, చెక్కు మీద సంతకాన్ని నమూనాతో సరిపోలుస్తాం. ఒక మనిషి చావు కబురును మాత్రం ఏమీ చూడకుండా ఎందుకు చెల్లుబాటు చేశాను? ఆ ప్రశ్న వదల్లేదు. ఈ విషయం మీద దొరికినంతలో చదివాను. అందులో మన ఇళ్లకు పనికొచ్చేవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

వదంతుల మీద తరచూ పేర్కొనే పుస్తకం 1947లో ఆల్‌పోర్ట్, పోస్ట్‌మన్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు రాసింది. వారి సూత్రం గుణకారం లెక్క లాంటిది: విషయం మనకు ఎంత ముఖ్యమో, దాని గురించి ఎంత అస్పష్టత ఉందో, ఆ రెంటినీ హెచ్చవేస్తే వదంతి బలం వస్తుంది. రెంటిలో ఏది సున్నా అయినా వదంతి లేదు. ఎవరో తెలియని కంపెనీ అధికారి ఆస్పత్రిలో చేరితే ఎవరికీ పట్టదు. ముఖ్యమైన మనిషే అయినా అంతా స్పష్టంగా తెలిసిపోతే ఊహించడానికి ఏమీ మిగలదు. రతన్ టాటా విషయంలో రెండు అంకెలూ పెద్దవే. వయసు 86. ఆస్పత్రికి వెళ్లినట్టు వార్త. ఎందుకు వెళ్లారో వివరం లేదు. ఇక ముఖ్యం అంటారా, ఈ దీవుల్లో ఓడ మీద దిగే ఉప్పు ప్యాకెట్ మీద కూడా ఆ ఇంటిపేరే కదా. వంటింట్లో రోజూ చేతికి తగిలే పేరు మన బంధువుల పేరులాగే అయిపోతుంది.

అంతకన్నా నన్ను ఆకట్టుకున్నది మన దేశపు పరిశోధన. 1934 జనవరి 15న బీహారులో మహాభూకంపం వచ్చింది. తర్వాత వ్యాపించిన వదంతులను జమునా ప్రసాద్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సేకరించి అధ్యయనం చేశారు. భూమి కంపించింది గానీ ఇళ్లు కూలని ప్రాంతాల్లో, ఇంతకన్నా పెద్ద ఉపద్రవం వస్తుందన్న వదంతులు జోరుగా నడిచాయి. నష్టం జరగని చోట భయపెట్టే మాటలు ఎందుకు? తర్వాతి కాలంలో లియోన్ ఫెస్టింగర్ దీనికి ఇచ్చిన వివరణ ఏమిటంటే, గుండె ముందే దడదడలాడుతోంది, కళ్లముందు మాత్రం కారణం కనబడటం లేదు, కాబట్టి ఆ దడకు సరిపడా కారణాన్ని మనసు కోరుకుంటుంది. వదంతి దాన్ని తెచ్చి చేతిలో పెడుతుంది.

అండమాన్‌లో ఉన్నవాళ్లకు ఇది పుస్తకం చదివి తెలుసుకోవలసిన సంగతి కాదు. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత నాలుగో రోజున, మళ్లీ సునామీ రావచ్చని కేంద్ర హోంశాఖ నుంచే హెచ్చరిక వచ్చి దక్షిణాది తీరాల్లో జనం పరుగులు పెట్టారు. తర్వాత అది ఉపసంహరించుకున్నారు. జంగ్లీఘాట్‌లో మా ఖాతాదారులైన మత్స్యకార కుటుంబాల్లోని పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ రోజుల గురించి చెబుతారు. నీరు లాగేసిందని ఎవరో ఒకరు అంటే చాలు, రెండోసారి అడిగే ఓపిక ఎవరికీ ఉండేది కాదట.

ఒకప్పుడు మాకు దూరమే కాస్త కాపలా కాసేది. మెయిన్‌ల్యాండ్ పేపర్లు విమానంలో రావాలి. ఉపగ్రహం మీద నడిచే ఇంటర్నెట్‌లో ఒక ఫోటో తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యాక మా కష్టం చాలావరకు తీరింది. కాకపోతే ఇప్పుడు నిజానికీ అబద్ధానికీ ఒకే వేగం.

పెద్ద కంపెనీ అధిపతి జబ్బు పడితే లోకం ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే స్టీవ్ జాబ్స్ కథ చూడాలి. ఆపిల్ అధిపతిగా ఉండగానే క్లోమానికి వచ్చిన అరుదైన క్యాన్సర్‌కు 2004లో శస్త్రచికిత్స చేయించుకున్నారు. అప్పటినుంచి ఆయన సన్నబడినా వార్తే, వేదిక ఎక్కకపోయినా వార్తే. 2008 ఆగస్టులో బ్లూంబర్గ్ సంస్థ ముందుగా రాసిపెట్టుకున్న ఆయన మరణవార్తను పొరపాటున బయటికి వదిలింది. అక్టోబరులో ఆయనకు గుండెపోటు వచ్చిందని సీఎన్ఎన్ వారి పాఠకుల వార్తల విభాగంలో ఎవరో రాస్తే ఆపిల్ షేరు కాసేపు దభాలున పడి మళ్లీ లేచింది. 2009 జనవరి 5న జాబ్స్ తనకు హార్మోన్ల అసమతుల్యత అని, చికిత్స సులభమని రాశారు. తొమ్మిది రోజులకే, అనుకున్నదానికన్నా సమస్య జటిలమని చెప్పి జూన్ వరకు సెలవు పెట్టారు. ఆ మధ్యలో కాలేయ మార్పిడి జరిగిందని బయటివాళ్లకు జూన్‌లో గానీ తెలియలేదు. ఆయన 2011 అక్టోబరు 5న కన్నుమూశారు.

జబ్బు ఆయన సొంతం, డబ్బు లక్షలాది మందిది. ఎంతవరకు చెప్పాలి? ఈ చిక్కుకు మన దేశంలో సెబీ 2023లో ఒక కొలత పెట్టింది. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీ మేనేజింగ్ డైరెక్టరు గానీ సీఈఓ గానీ, ఏ 90 రోజుల్లోనైనా 45 రోజులకు మించి అనారోగ్యంతోనో మరో కారణంతోనో మామూలుగా విధులు నిర్వహించలేకపోతే ఆ సంగతి, కారణంతో సహా, ఎక్స్ఛేంజీకి చెప్పాలి. మీడియాలో వచ్చిన వదంతి వల్ల షేరు ధర గణనీయంగా కదిలితే 24 గంటల్లో ఔననో, కాదనో, వివరమో ఇవ్వాలని మరో నిబంధన ఉంది. అది 2024 జూన్ 1 నుంచి మొదటి 100 కంపెనీలకు, డిసెంబరు 1 నుంచి మొదటి 250 కంపెనీలకు అమలైంది. 45 రోజులు అనేది నాకు న్యాయంగానే తోస్తుంది. జ్వరానికీ చిన్న ఆపరేషనుకూ ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు, అలాగని నెలల తరబడి కుర్చీ ఖాళీగా ఉంచి కబుర్లు చెప్పడమూ కుదరదు.

రతన్ టాటాకు ఇది వర్తించదు. టాటా సన్స్ ఛైర్మన్ పదవి నుంచి ఆయన 2012 డిసెంబరులోనే దిగిపోయారు. 2016 అక్టోబరు నుంచి కొన్ని నెలలు తాత్కాలికంగా కూర్చోవడం మినహా రోజువారీ బాధ్యత ఆయనది కాదు. చివరిదాకా టాటా ట్రస్టులకు అధిపతిగా ఉన్నారు. ఆస్పత్రి మంచం మీదున్న 86 ఏళ్ల మనిషి మనకు వైద్య నివేదిక బాకీ లేరు.

తనంతట తానే చెప్పినవాళ్లూ ఉన్నారు. జెరోధా నితిన్ కామత్ 2024 ఫిబ్రవరిలో, ఆరు వారాల క్రితం తనకు స్వల్ప పక్షవాతం వచ్చిందని, ముఖం ఒక పక్క వాలిందని, చదవడం రాయడం కష్టమైందని ఆయనే రాశారు. తండ్రి మరణం, నిద్రలేమి, అలసట, శరీరంలో నీరు తగ్గడం, అతి వ్యాయామం, వీటిలో ఏదైనా కారణం కావచ్చన్నారు. దాంతో వదంతికి చోటు లేకుండాపోయింది. సలహాలకు మాత్రం కరువు రాలేదు, దేశంలో సగం మంది డాక్టర్లైపోయారు.

ఇక చావు కబుర్ల విషయంలో మన తెలుగువాళ్లం ఎవరికీ తీసిపోం. 2023 ఉగాది ముందురోజు నటుడు కోట శ్రీనివాసరావు పోయారని పుకారు లేస్తే, నేను బతికే ఉన్నానని ఆయనే వీడియోలో చెప్పుకోవలసి వచ్చింది. పండుగ పూట పెద్దాయన చేత ఆ మాట అనిపించాం.

బ్యాంకువాళ్లం గుర్తుంచుకోదగ్గ ఉదంతం ఒకటుంది. 1973 డిసెంబరు, జపాన్. రైల్లో ముగ్గురు హైస్కూలు అమ్మాయిలు మాట్లాడుకుంటున్నారు. ఒకమ్మాయికి తోయొకావా షింకిన్ అనే బ్యాంకులో ఉద్యోగం ఖాయమైంది. మిగతావాళ్లు, బ్యాంకంటే ప్రమాదం కదే అని ఆటపట్టించారు. దొంగలు పడతారని వాళ్ల ఉద్దేశం. ఆ "ప్రమాదం" ఒక ఇంట్లో అనుమానమై, దుకాణంలో చర్చయింది. కొద్దిరోజుల తర్వాత ఒకాయన ఇస్త్రీ దుకాణంలో ఫోను అడిగి, ఆ బ్యాంకు నుంచి డబ్బు తీయమని ఇంటికి చెప్పాడు. అది అతని వ్యాపారానికి కావలసిన డబ్బు. పక్కనే విన్న దుకాణం వాళ్లు మాత్రం రుజువు దొరికిందనుకున్నారు. బ్యాంకు ముందు వరుసలు కట్టారు. చివరికి పోలీసులు ఒక్కొక్క నోరూ వెతుక్కుంటూ వెళ్లి రైల్లోని ఆ అమ్మాయిల దగ్గర తేలారు. ఈ గొలుసులో ఒక్కరికీ చెడ్డ ఉద్దేశం లేదు. నాకూ లేదు.

అక్టోబరు 9, బుధవారం రాత్రి. బాగా పొద్దుపోయాక వార్త వచ్చింది, ముంబయి బ్రీచ్ క్యాండీ ఆస్పత్రిలో రతన్ టాటా కన్నుమూశారని. ఈసారి టాటా సన్స్ ఛైర్మన్ చంద్రశేఖరన్ ప్రకటన ఇచ్చారు. మావయ్యగారిని లేపాలా వద్దా అని తటపటాయించి చివరికి లేపాను.

ఆయన నమ్మలేదు. "మొన్న కూడా ఇలాగే అన్నావుగా" అన్నారు. టీవీ పెడతానన్నాను. వద్దన్నారు. "పొద్దున చూద్దాం, పడుకో అమ్మా" అని అటు తిరిగి పడుకున్నారు. సోమవారం నేను చేసిన నష్టం ఎంతో నాకు అప్పుడు తెలిసింది. అబద్ధం నమ్మి ఆయన ఒక పూట అన్నం మానేశారు, అది మర్నాటికి సర్దుకుంది. నిజం వచ్చినప్పుడు మాత్రం నా నోట వినడానికి ఆయన దగ్గర నమ్మకం మిగల్లేదు.

మర్నాడు మా గ్రూపులో ఒకరు, "చూశారా, మొదట వచ్చినదే నిజమైంది" అని రాశారు. ఆ మాట సరి కాదు. సోమవారం ఆయన బతికే ఉన్నారు. ఆగిపోయిన గడియారం కూడా రోజుకు రెండుసార్లు సరైన టైం చూపిస్తుంది, అంతమాత్రాన ఎవరూ దాన్ని చూసి ఓడ ఎక్కడానికి బయల్దేరరు.

ఆ గురువారమే కౌంటరు దగ్గరికి ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చారు. టాటా పేరున్న కంపెనీల షేర్లు కొద్దిగా ఉన్నాయట, ఇక వాటి గతేమిటని అడిగారు. అమ్మమనీ ఉంచమనీ చెప్పడం నా పని కాదు. తెలిసినంత చెప్పాను. టాటా సన్స్‌లో సుమారు 66 శాతం వాటా ధర్మసంస్థలైన టాటా ట్రస్టులది. అవి ఒక మనిషితో మొదలైనవీ కావు, ఒక మనిషితో పోయేవీ కావు. కంపెనీలకు వేరే అధిపతులున్నారు. ఆ రోజు మార్కెట్లో కూడా కంగారు అమ్మకాలేవీ జరగలేదు. టీసీఎస్ పత్రికా సమావేశం రద్దు చేసుకుంది గానీ త్రైమాసిక ఫలితాలు ప్రకటించింది. మర్నాడు నోయెల్ టాటాను ట్రస్టుల అధిపతిగా ఎన్నుకున్నారు. ఆమె అంతా విని, "డబ్బు సంగతి సరేనమ్మా, ఆయన పోయాడంటే ఇంట్లో మనిషి పోయినట్టుంది" అన్నారు. షేర్ల గురించి మళ్లీ ఎత్తలేదు. అసలు అడగాలనుకున్నది అదే కాదేమో.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మావయ్యగారు టీవీ ముందు ఉన్నారు. ముంబయిలో జనం చివరిచూపు కోసం బారులు తీరిన దృశ్యాలు మళ్లీ మళ్లీ చూపిస్తున్నారు. చాలాసేపు చూసి, "నీ గ్రూపుల్లో పెట్టావా?" అని అడిగారు. లేదన్నాను. "మొన్న పంపినవాళ్లందరికీ, అది తప్పని చెప్పావా?" అన్నారు. తీసేశానన్నాను. "తీసెయ్యడం వేరు, చెప్పడం వేరు" అన్నారు.

కూర్చుని రాశాను. సోమవారం నేను పంపింది తప్పుడు కబురని, సరిచూసుకోకుండా పంపానని, రతన్ టాటా బుధవారం రాత్రి మరణించారని. ఈసారి దీపం బొమ్మలేవీ పెట్టలేదు. ఆయన చదివి తలూపి, తన ఫోనులోంచి ఒక నంబరు తీశారు. జంషెడ్‌పూర్ స్నేహితుడిది.

"వీడికి మాత్రం రాయకు. కళ్లు సరిగ్గా ఆనవు. ఫోన్ చేసి చెప్పు" అన్నారు.