నెలనెలా వచ్చు కడుపునొప్పి: పంచాయతి సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

గ్రామ పంచాయతి సమావేశములలో మంచినీటి కుళాయి, వీధిదీపము, మురుగుకాలువ, శ్మశానపు దారి చర్చకు వచ్చును. అవి కంటికి కనబడు ఇబ్బందులు. కంటికి కనబడని ఇబ్బంది యొకటి ప్రతి గ్రామమునందును కలదు. నెలకు రెండు మూడు దినములు కడుపునొప్పిచే మంచము పట్టి, కూలికి పోలేక, బడికి పోలేక, ఎవరికిని చెప్పుకొనలేక బాధపడు స్త్రీలు, బాలికలు మన గ్రామములలో ఉన్నారు. ఆడవారి సంగతి యని సమావేశములలో దీనిని ఎవరును ఎత్తరు. మన రాష్ట్రమున స్థానిక సంస్థల పదవులలో సగము స్త్రీలకు కేటాయింపబడిన ఈ దినములలో, దీనిని గూర్చి మాటాడుటకు మొగమాటపడవలసిన పని లేదు. ఈ నొప్పి యెట్టిది, ఇంటివద్ద దానిని తగ్గించుకొను ఉపాయములెవ్వి, వైద్యుల వద్దకు ఎప్పుడు పోవలెను, పంచాయతి చేయదగిన పని యేమి అను నాలుగు విషయములను ఇచట వివరింతుము.

ఈ వ్యాధి యెట్టిది?

బహిష్టు సమయమున కొంత నొప్పి యుండుట సాధారణమే. గర్భసంచి కండరములు ముడుచుకొనుటచే అది కలుగును. ఒకటి రెండు దినములలో తగ్గిపోవును. అట్లుగాక నొప్పి ఏటికేడు పెరుగుచు, పనిపాటలను మాన్పించునంతటిదైనచో, దానికి ఎండోమెట్రియోసిస్ అను వ్యాధి కారణము కావచ్చును. గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలము గర్భసంచికి వెలుపల, అనగా అండాశయములమీదను, గర్భనాళములమీదను, ప్రేగులమీదను, మూత్రాశయముమీదను పెరుగుటయే ఈ వ్యాధి. శరీరమునందలి హార్మోనుల ప్రభావమున ఆ కణజాలము నెలనెలా వాచి నెత్తురు కారును. ఆ నెత్తురు బయటికి పోవుటకు దారి లేదు. అందుచే లోపల మంట, వాపు, మచ్చలు ఏర్పడి, అవయవములు ఒకదానికొకటి అంటుకొనును. కొందరికి సంతానము కలుగుట కష్టమగును.

ఈ వ్యాధిని 1860లో వియన్నా నగరపు వైద్యుడు రోకిటాన్‌స్కీ వర్ణించెను. 1920 తరువాతి యేండ్లలో అమెరికా వైద్యుడు జాన్ శాంప్సన్ దీనిని విపులముగా పరిశీలించి, నేడు వాడుకలోనున్న పేరు నిచ్చెను. బిడ్డలను కను వయస్సులోని స్త్రీలలో నూటికి సుమారు 10 మందికి, అనగా ప్రపంచమున దాదాపు 19 కోట్ల మందికి ఇది కలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఇది అంటువ్యాధి కాదు. ఆచారలోపము వలన గాని, పూర్వజన్మ పాపము వలన గాని వచ్చునది కాదు. దీనిని సమూలముగా పోగొట్టు మందు ఇంతవరకు లేదు. నొప్పిని అదుపులో నుంచు మార్గములు మాత్రము పెక్కు కలవు.

ఇంటివద్ద చేయదగిన ఉపశమనములు

మొదటిది కాపడము. మన పెద్దలు ఎరిగిన ఈ ఉపాయమును నేటి వైద్యశాస్త్రమును సమర్థించుచున్నది. వేడిచే కండరములు సడలి, రక్తప్రసారము పెరిగి, నొప్పి తగ్గును. వేడినీళ్ళ రబ్బరు సంచిని గాని, వేయించిన ఉప్పు మూటను గాని బట్టలో చుట్టి, పొత్తికడుపుమీదను నడుముమీదను 15 లేక 20 నిమిషములు ఉంచవలెను. ముందుగా మణికట్టుమీద వేడిని పరీక్షించి చూడవలెను. చర్మము కాలునంత వేడి కూడదు.

రెండవది వ్యాయామము. వారమునకు 3 మార్లు, 45 నుండి 60 నిమిషములసేపు వ్యాయామము చేసినచో బహిష్టు నొప్పి తగ్గవచ్చునని 2019లో వెలువడిన కాక్రేన్ సమీక్ష తెలుపుచున్నది. సాధారణ బహిష్టు నొప్పికి సంబంధించిన మాట యిది; ఎండోమెట్రియోసిస్ విషయమున ఆధారములు ఇంకను కొద్దిగానే యున్నవి. అయినను నడక, భుజంగాసనము, బాలాసనము వంటి తేలిక యాసనములు, నిదానముగా ఊపిరి తీసి విడుచుట మేలు చేయును, ఖర్చు లేదు. వేరుశనగ చేనిలో దినమంతయు వంగి కలుపు తీయుట వ్యాయామము కాదని మగవారు గ్రహింపవలెను. నొప్పి యున్న దినములలో ఆమెకు బరువు పనులు తప్పించి, విశ్రాంతి నియ్యవలెను.

మూడవది ఆహారము. రాగి సంగటి, ఉలవలు, ఆకుకూరలు, నువ్వులు, పండ్లు ఒంటికి బలము నిచ్చును. పీచు గల ఆహారము, చాలినంత నీరు మలబద్ధకమును పోగొట్టును. మలబద్ధకము ఈ నొప్పిని ఎక్కువ చేయును గనుక ఇది ముఖ్యము. బహిష్టులో నెత్తురు అధికముగా పోవువారికి రక్తహీనత తోడగును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 59 మందికి రక్తహీనత యున్నది. ఆశా కార్యకర్త యిచ్చు ఇనుము మాత్రలను మానక మ్రింగవలెను. భోజనముతో కాఫీ, టీ త్రాగరాదు.

నాలుగవది వంటింటి ఔషధములు. శొంఠి సాధారణ బహిష్టు నొప్పిని కొంత తగ్గించునని కొన్ని చిన్న పరీక్షలలో కనబడినది. శొంఠి కషాయమును మితముగా త్రాగుటవలన హాని లేదు. కడుపులో పుండ్లున్నవారు, నెత్తురు పలుచబడు మందులు వాడువారు మాత్రము వైద్యుని అడిగి త్రాగవలెను. కూరలలో పసుపు మంచిదే; అది ఈ వ్యాధిని మాన్పునని మాత్రము రుజువు కాలేదు. సంతలో పేరు, ఊరు లేని పొడులను, మాత్రలను కొనరాదు. అట్టివానిలో పాదరసము, సీసము వంటి విషములు కలిసియుండవచ్చును. ఆయుర్వేద వైద్యము కోరువారు తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానముల వారి శ్రీ వేంకటేశ్వర ఆయుర్వేద ఆసుపత్రిలో చదువుకొన్న వైద్యులను సంప్రదించుట క్షేమము.

పై ఉపాయములు నొప్పిని తగ్గించునే గాని, లోపల పెరిగిన కణజాలమును కరగింపజాలవు. ఈ భేదమును మరువరాదు.

వైద్యుల వద్దకు ఎప్పుడు?

నెలనెలా బడి గాని పని గాని మానవలసి వచ్చుట. బహిష్టు కాని దినములలోను నొప్పి యుండుట. మలమూత్ర విసర్జన సమయమునను, దాంపత్యమునను నొప్పి కలుగుట. ఒక సంవత్సరము గడచినను గర్భము నిలువకుండుట. ఈ లక్షణములలో ఏ యొక్కటి యున్నను స్త్రీవ్యాధుల వైద్యులను చూడవలెను. బహిష్టు తప్పిన తరువాత తీవ్రమైన నొప్పి వచ్చినను, నొప్పితో జ్వరము గాని స్పృహ తప్పుట గాని కలిగినను, జాగు చేయక 108 వాహనమును పిలువవలెను.

ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి, అచటి సలహాపై చిత్తూరు జిల్లా ఆసుపత్రికి గాని, తిరుపతిలోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి గాని పోవచ్చును. గోడమీది క్యాలెండరులో నొప్పి వచ్చిన దినములను, దాని తీవ్రతను గుర్తు పెట్టుకొని తీసికొనిపోయినచో వైద్యులకు ఎంతో సాయమగును. స్కానింగులో ఏమియు కనబడనంత మాత్రమున వ్యాధి లేదని నిశ్చయింపరాదు. ఈ వ్యాధి యని తేలుటకే లోకమున 4 నుండి 12 సంవత్సరములు పట్టుచున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. నొప్పి మాత్రలు, హార్మోను మందులు, అవసరమైనచో లాపరోస్కోపు శస్త్రచికిత్స ఇందుకు కలవు. నొప్పి మాత్రలనైనను వైద్యుల సలహాపై భోజనము తరువాతనే వాడవలెను.

గర్భసంచి తీయించుటకు తొందర వలదు

ఈ విషయమున మన రాష్ట్రమువారు మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. పై సర్వే ప్రకారము దేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 3 మంది గర్భసంచి తీయించుకొనియుండగా, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి సుమారు 9 మంది తీయించుకొనియున్నారు. బిడ్డలు కలిగిరి గదా, ఇక ఇదెందుకు అను మాట మన ఇండ్లలో తరచుగా వినబడుచున్నది. కాని వ్యాధి గర్భసంచికి వెలుపల నున్నప్పుడు, గర్భసంచి తీసినను నొప్పి మిగిలిపోవచ్చును. దానితోపాటు చిన్న వయస్సున అండాశయములను కూడ తీసినచో ఎముకలు పెళుసుబారును. గుండెజబ్బుల భయము పెరుగును. అప్పు చేసి ఆపరేషను చేయించి, నొప్పియు పోక, అప్పును తీరక బాధపడు కుటుంబమునకు కలుగు నష్టము పూడ్చరానిది.

కొందరికి ఈ ఆపరేషను నిజముగా అవసరమే. అయితే మందులు వాడి చూచిన పిమ్మట, మరియొక వైద్యుని అభిప్రాయము తీసికొని, ఆ స్త్రీ స్వయముగా తెలిసి సమ్మతించిన మీదటనే చేయింపవలెను. అనవసరపు గర్భసంచి ఆపరేషనులను అరికట్టుటకు కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకములను వెలువరించెను. వానిని రాష్ట్రములు అమలు జరుపవలెనని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించెను.

పంచాయతి చేయదగిన పనులు

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతులకు అప్పగింపదగిన విషయములలో ఆరోగ్యము, స్త్రీ శిశు సంక్షేమము చేరియున్నవి. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘమునందు పంచాయతి సభ్యులకు ముఖ్యస్థానము కలదు. కావున సభ్యులు ఈ క్రింది పనులను చేపట్టవచ్చును.

ఒకటి: ఆ సంఘపు సమావేశమునకు ఆరోగ్య కేంద్రపు నర్సమ్మను పిలిపించి, స్త్రీలకు విడిగా ఈ విషయమును చెప్పించుట.

రెండు: బడిలో బాలికల మరుగుదొడ్డికి నీరు, తలుపు గడియ, చెత్తబుట్ట ఉన్నవో లేవో చూచుట, నొప్పితో బడి మానుచున్న బాలికలను గూర్చి ఉపాధ్యాయినులను విచారించి, ఆశా కార్యకర్తకు తెలుపుట.

మూడు: బయట చేరిన స్త్రీని పశువులపాకలోనో, వసారాలోనో పరుండబెట్టు అలవాటును మాన్పించుట. నొప్పితో నున్న మనిషికి చలి, దోమలు, ఒంటరితనము తోడుచేయుట ఏ ధర్మమునకును సమ్మతము కాదు.

నాలుగు: గర్భసంచి తీయింపవలెనని చెప్పబడిన స్త్రీకి ప్రభుత్వ ఆసుపత్రిలో రెండవ అభిప్రాయము దొరకునట్లు తోడ్పడుట.

వీనికి పెద్ద నిధులు అక్కరలేదు. మాటాడు ధైర్యము, వినుటకు ఓపిక కావలెను. ఒక స్త్రీ తన నొప్పిని చెప్పినప్పుడు, ఆడపుట్టుక అన్న తరువాత ఇది తప్పదు అని త్రోసివేయక, ఎన్నాళ్ళుగా ఉన్నది, ఎంత ఉన్నది అని అడుగుట మొదటి చికిత్స. ఆ ప్రశ్న ముందుగా సభ్యుల ఇండ్లలోనే మొదలగుగాక.