వద్దని చెప్పే వీలు

చేబ్రోలు



మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పడం ఇష్టం లేక, రాస్తానని పెట్టేశాను. రేపల్లె వైపు ఊళ్ళలో బీపీ, కిడ్నీ జబ్బుల మీద మీ సంస్థ చేసే పరిశోధనకు నిన్ను ఫీల్డు సూపర్‌వైజరుగా వేశారని విని ఇక్కడ అందరం సంతోషించాం. ఆ వెంటనే నువ్వడిగిన మాట మాత్రం నాకు నిద్ర పట్టనివ్వలేదు. "పెద్దమ్మా, రోజుకిన్ని ఇళ్ళని టార్గెట్ పెట్టారు. అంగీకార పత్రం మీద జనం తొందరగా సంతకం పెట్టాలంటే ఏం చెయ్యాలి? నీ ఉద్యోగమంతా ఊళ్ళ వెంట తిరగడమేగా" అన్నావు.

మన ఊళ్ళలో సంతకం పెట్టించడం కష్టమేమీ కాదమ్మా. నా బెంగంతా అక్కడే ఉంది. మెడలో ఐడీ కార్డు వేసుకుని, ఆశా అమ్మాయిని వెంటబెట్టుకుని గడపలో నిలబడితే సగం పని అయిపోతుంది. ఆశా స్టాంపు ప్యాడ్ మూత తీస్తుంది. ఇంటావిడ తడి చెయ్యి కొంగుకి తుడుచుకుని బొటనవేలు ముందుకు చాపుతుంది. ఆ వేలు పట్టుకుని సిరాలో అద్ది, కాగితం మీద అటూ ఇటూ దొర్లించి వదిలేస్తారు. అందులో ఏం రాసుందో ఆవిడ అడగదు. వేలికి అంటిన సిరా జుట్టుకి తుడుచుకుంటూ ఒకటే అడుగుతుంది: "ఇది వెయ్యకపోతే పింఛను ఆగిపోద్దా అమ్మా?"

ఆ ప్రశ్న వినబడితే ఆ వేలిముద్రని లెక్కలో వేసుకోకు. వద్దంటే ఏదో ఊడిపోతుందన్న భయంతో సరేనన్న మనిషి ఒప్పుకున్నట్టు కాదు. వద్దనాలనుకున్న ఆవిడ, జంకు లేకుండా వద్దని చెప్పి లోపలికి వెళ్ళిపోగలగాలి. అలా వెళ్ళినా ఆవిడకు రావలసిన వైద్యంలో ఏ లోటూ రాకూడదు. నీ ఉద్యోగంలో ముఖ్యమైన భాగం అదేనని నా నమ్మకం.

భద్రాచలం సంగతి మీ ఎంపీహెచ్ చదువులో చెప్పే ఉంటారు. పరీక్షలో రాసేసి మరచిపోయే విషయం కాదది. 2009 జూలైలో, అప్పటి ఉమ్మడి రాష్ట్రం ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వెయ్యడం మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే టీకా అది. పాథ్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన పని. దాదాపు 14 వేల మంది పిల్లలు. వాళ్ళలో చాలామంది గిరిజనుల బిడ్డలు, హాస్టళ్ళలో ఉండి చదువుకునేవాళ్ళు. గుజరాత్‌లో వడోదర దగ్గర కూడా ఇలాగే వేశారు. రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. గొడవయ్యాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. చావులకు టీకా కారణం కాకపోవచ్చని, పాముకాటు, పురుగుమందు, మలేరియా లాంటి వేరే కారణాలున్నాయని విచారణ సంఘం చెప్పింది.

కానీ విచారణలో అంగీకార పత్రాల గుట్టు కూడా బయటపడింది. మన రాష్ట్రంలో పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 మీద ఉన్న సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. 1,948 మీద ఉన్నవి వేలిముద్రలు. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం తన 72వ నివేదికలో దీన్ని గట్టిగా తప్పుపట్టింది. అలాంటి ఒక పిల్ల ఇంటి వైపు నుంచి ఒక్కసారి ఆలోచించు. అమ్మానాన్నలు ఎక్కడో గూడెంలో ఉన్నారు. బిడ్డకు సూది వేసిన సంగతే వాళ్ళకు తెలియదు. సెలవులకు ఇంటికొచ్చిన పిల్ల నీరసంగా ఉందంటే ఎవర్నడగాలి, ఏమని అడగాలి? వేసినవాళ్ళ దగ్గర చూస్తే, వేశాక ఏమైందో కనిపెట్టి చూసే ఏర్పాటు సరిగ్గా లేదు. వార్డెన్ సంతకం ఆ తల్లి నోరే కాదు, కళ్ళు కూడా మూసేసింది.

ఆ టీకా మంచిది కావడం నన్ను మరీ బాధపెడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన టీకా. మన దేశంలో ఆడవాళ్ళకు రొమ్ము క్యాన్సర్ తర్వాత ఎక్కువగా వచ్చేది గర్భాశయ ముఖద్వార క్యాన్సరే. సిక్కింలో 2018లో బడి పిల్లలకు వేశారు, తల్లిదండ్రులకు ముందే చెప్పి ఒప్పించి. మనవాళ్ళకీ అలా కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఎంతమంది తల్లులు తామే పిల్లల్ని తీసుకొచ్చేవాళ్ళో! తొందరపడి అడక్కుండా చేసిన పని, తర్వాత వచ్చే మంచి మందుకి కూడా తలుపు మూసేస్తుంది.

ఇక మన పాత గుంటూరు జిల్లాలోనే, సున్నపు బట్టీల పిడుగురాళ్ళలో 2011లో జరిగింది చూడు. పేద ఆడవాళ్ళను డబ్బిస్తామని హైదరాబాదు తీసుకెళ్ళి క్యాన్సర్ మందుల పరీక్షల్లో పెట్టారు. ఒంట్లో బాగుండక వాళ్ళు బయటికొచ్చి చెబితేగానీ ఎవరికీ తెలియలేదు. ఆ తర్వాతే విచారణ, పరీక్షలు జరిపిన కంపెనీ అనుమతి నిలిపివేత. కూలి దొరకని రోజుల్లో చేతిలో పెట్టే కొన్ని వేలు కూడా ఒక రకమైన ఒత్తిడే. మీ ప్రాజెక్టులో ప్రయాణ ఖర్చులిస్తారన్నావు. పోగొట్టుకున్న కూలికి, బస్సు చార్జీకి సరిపడా ఇవ్వండి, అంతకు మించి ఆశ చూపద్దు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1977 నవంబరు 19 రాత్రి, ఉప్పెన వచ్చింది. దివిసీమ తుడిచిపెట్టుకుపోయింది, రేపల్లె, నిజాంపట్నం తీరమూ దెబ్బతింది. కలరా సూదులు వెయ్యడానికి మమ్మల్ని ఒక శిబిరంలో వేశారు. వరసలో నిలబడ్డవాళ్ళలో ఒక్కరు కూడా అదేం సూది అని అడగలేదు. ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్న ఒకావిడ బల్ల దగ్గరికొచ్చి, జాకెట్టు చెయ్యి తనే పైకి లాగి, ఎటో చూస్తూ నిలబడింది. మేం వేసింది కలరా సూది. అప్పుడు ఎవరు ఏది వేసినా ఆవిడ అలాగే నిలబడేది. అందుకే ఆపదలో ఉన్నవాళ్ళ మీద పరిశోధన అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

1996లో నైజీరియాలోని కానోలో మెదడు పొరల వాపు జ్వరం (మెనింజైటిస్) విరుచుకుపడినప్పుడు సరిగ్గా అలాంటిదే జరిగింది. అక్కడి ఆసుపత్రిలో ఫైజర్ కంపెనీ 200 మంది పిల్లల మీద కొత్త మందు పరీక్ష పెట్టింది. సగం మందికి కొత్త మందు, సగం మందికి పాతది. పదకొండు మంది పిల్లలు చనిపోయారు. అదే ఆసుపత్రి ఆవరణలో ఎంఎస్ఎఫ్ అనే స్వచ్ఛంద సంస్థ డాక్టర్లు వాడుకలో ఉన్న మందుతో ఉచితంగా వైద్యం చేస్తున్నారు. తమ బిడ్డను చేర్చింది వైద్యానికా, పరీక్షకా అన్నది తెలియలేదని తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. ఏళ్ళ తరబడి సాగి చివరికి రాజీ కుదిరింది. మన ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో విపత్తుల్లో చేసే పరిశోధనకు ఒక అధ్యాయమే ఉంది. ఈసారి చదివేటప్పుడు ఆ శిబిరంలో నిలబడ్డ ఆవిడను తలచుకుని చదువు.

ఇదంతా చదివి పరిశోధనే వద్దంటుందేమో పెద్దమ్మ అనుకోకు. పేదవాళ్ళ కోసం వాళ్ళ మధ్యనే జరిగిన గొప్ప పనులున్నాయి. మన మదనపల్లె ఆరోగ్యవరంలో ఫ్రిమోట్ మోలర్ అనే డెన్మార్క్ డాక్టరు, ఆయన బృందం 1950ల్లో చుట్టుపక్కల పల్లెలు తిరిగి క్షయ ఎలా వ్యాపిస్తుందో లెక్క తీశారు. మద్రాసులో 1956లో మొదలైన అధ్యయనం ఇంకా గొప్పది. క్షయ వస్తే శానిటోరియంలో మంచం దొరకాలి, మంచి తిండి, విశ్రాంతి ఉండాలి అనుకునే రోజులవి. పేదవాళ్ళకు ఆ మంచమెక్కడిది? 193 మందిని తీసుకుని సగం మందికి శానిటోరియంలో, సగం మందికి వాళ్ళ ఇరుకు ఇళ్ళలోనే మందులిచ్చారు. ఇళ్ళకు వెళ్ళి మాత్రలు వేసుకుంటున్నారో లేదో చూశారు, ఇంట్లో మిగతావాళ్ళని ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉన్నారు. ఇంట్లో ఉన్నవాళ్ళూ అంతే బాగా కోలుకున్నారు, ఇంట్లోవాళ్ళకి అదనంగా అంటుకోలేదు. 1959లో ఆ ఫలితం వచ్చాక ప్రపంచమంతటా క్షయ వైద్యం మారిపోయింది. అక్కడ అడిగిన ప్రశ్న పేదవాడి ప్రశ్న, దొరికిన జవాబు ముందుగా అతనికే అందింది. మీ పరిశోధన కూడా ఈ కొలతకు తూగుతుందో లేదో మీ పెద్ద డాక్టరుగారిని అడుగు, జంకకు.

ఇప్పుడు నీ పని. పగలు పదకొండింటికి వెళితే ఇంట్లో ముసలివాళ్ళు తప్ప ఉండరు. మినుము పీకే రోజుల్లో, రొయ్యల చెరువుల మీద పనులున్న రోజుల్లో అయితే మరీను. సాయంత్రం స్నానాలయ్యాక వెళ్ళు, అరుగు మీద కూర్చో. మొదటి రోజు సంతకం అడగనే అడగద్దు. కాగితం చదివి వినిపించి, ఒక కాపీ వాళ్ళింట్లో వదిలి, ఇంట్లో మాట్లాడుకోమని చెప్పి వచ్చెయ్. రక్తం ఎంత తీస్తారో మిల్లీలీటర్లలో చెబితే తెలియదు, చెంచాడని చెప్పు. అది ఎక్కడికి వెళుతుంది, పరీక్షయ్యాక మిగిలింది పారేస్తారా, దాస్తారా, ఇదీ చెప్పాలి. రెండోసారి వెళ్ళినప్పుడు "నిన్న నేనేం చెప్పాను, నీ మాటల్లో చెప్పు పిన్నీ" అని అడుగు. చెప్పలేకపోతే మళ్ళీ చదువు. చదువు రానివాళ్ళ దగ్గర సాక్షిగా చదువొచ్చిన పక్కింటివాళ్ళెవరినైనా కూర్చోబెట్టు, మీ సిబ్బందిని కాదు. ఆశా ఇల్లు చూపిస్తే చాలు, ఒప్పించే పని ఆమెకు పెట్టకు. రేపు జ్వరమొస్తే వెళ్ళాల్సింది ఆమె దగ్గరికే కాబట్టి ఆమె ముందు వద్దని ఎవరూ అనలేరు. సర్పంచిగారు సరేనన్నారని ఊరంతా సరేనన్నట్టు కాదు. పింఛనుకీ, బియ్యం కార్డుకీ, ఆరోగ్యశ్రీకీ దీనితో సంబంధం లేదని అడక్కముందే చెప్పు.

వద్దన్నవాళ్ళకు కూడా బీపీ చూసి, ఎంతుందో చీటీ రాసివ్వు. వాళ్ళ లెక్క కూడా రాసుకో. ఊరికి ఊరు ఒక్కరూ వద్దనలేదని మీ కుర్రాళ్ళు చెబితే నువ్వు ఆ ఊరికి స్వయంగా మళ్ళీ వెళ్ళు, అక్కడ ఎవరూ అడిగి ఉండరు.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం వైపు ఉద్దానం వెళ్ళొచ్చినవాళ్ళు చెబుతుంటారు, ఇంత కాలంగా ఎన్ని బృందాలొచ్చి రక్తం, నీళ్ళు పట్టుకెళ్ళాయో, ఏం తేలిందో తమ గడపకొచ్చి చెప్పినవాళ్ళు తక్కువని కవిటి, సోంపేట వైపు జనం వాపోతారట. మీరు అలా చెయ్యకండి. కిడ్నీ జబ్బును పట్టిచ్చే క్రియాటినిన్ ఎక్కువున్న మనిషికి ఆ సంగతి ఎన్నాళ్ళలో, ఎవరు, ఎలా చెబుతారో మొదటి ఇంటికి వెళ్ళకముందే తేల్చుకోండి. ఏ పీహెచ్‌సీలో బీపీ మాత్రలు నిల్వ ఉన్నాయో, కిడ్నీ డాక్టరు ఏ వారం ఎక్కడ కూర్చుంటారో కనుక్కుని చీటీ మీద అచ్చు వేయించండి. మందు దొరికే చోటు చెప్పకుండా జబ్బు పేరు మాత్రం చెప్పి రావడం నాకు సుతరామూ నచ్చదు.

ఇవన్నీ చేస్తే టార్గెట్ అందదు, నాకు తెలుసు. ఆ మాట మీ సారుకి నువ్వే చెప్పాలి, కాగితం మీద. ఒప్పుకోకపోతే మీ ఎథిక్స్ కమిటీకి రాయి. ఆ కమిటీ ఉన్నది అందుకే.

ముందు మీ తెలుగు ఫారం ఒకటి నాకు పోస్టులో పంపు. బ్రహ్మగుడి వీధిలో కూలికెళ్ళే ఆడవాళ్ళు సాయంత్రాలు మా అరుగు మీద చేరతారు. వాళ్ళకి చదివి వినిపిస్తాను. ఎక్కడ "అంటే ఏంటమ్మా" అన్నారో ఆ వాక్యం కింద గీత గీసి, వాళ్ళు ఎలా చెబితే అర్థమైందో పక్కన రాసి పంపుతాను. అచ్చుకి ఇచ్చేలోపు పంపాలి సుమా.

మీ అమ్మని అడిగానని చెప్పు.

పెద్దమ్మ