లెక్కల పాఠానికి ఫొటోలు వద్దు

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఇంటర్ లెక్కలు చెబుతున్నాను. సమీకరణాలు ఫొటో తీసి పెడితే పిల్లలకు మసకగా కనిపిస్తున్నాయి. ఏం చేయాలి?

జవాబు: ఫొటోలు మానేయండి మాస్టారూ. కంప్యూటర్‌కు ఫొటో అంటే రంగు చుక్కలే. మ్యాథ్‌ఎంఎల్ అనే గణిత ట్యాగుల భాషలో రాస్తే ఇది లవం, ఇది హారం అని ట్యాగులే చెబుతాయి. ఎంత పెద్దది చేసినా అక్షరం చెదరదు; చూపులేని పిల్లలకు స్క్రీన్ రీడర్ చదివి వినిపించగలదు. అందరూ కలిసి దిద్దుతుంటే బొమ్మంతా కాదు, మారిన ముక్క పంపితే చాలు. మ్యాథ్‌ఎంఎల్ 1998లోనే వెబ్ ప్రమాణమైనా, క్రోమ్‌లో నిలకడగా చేరింది 2023లో! చేత్తో మాత్రం రాయకండి, చిన్న భిన్నానికే బారెడు ట్యాగులు. సూత్రాలు పొట్టిగా రాసే లేటెక్ పద్ధతిలో టైప్ చేయండి, మ్యాథ్‌జాక్స్ అనే ప్రోగ్రాం దాన్ని మార్చి చూపిస్తుంది. రెండూ ఉచితమే. ముందు వర్గ సమీకరణం సూత్రంతో ప్రయత్నించి చూడండి.