కొండ నీళ్లు, బోరు నీళ్లు
సందేహాలు - సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు నీళ్ల గురించే. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి వచ్చిన ఐదింటికి ఇక్కడ జవాబిస్తున్నాను.

తిరుపతి నుంచి ఒక గృహిణి: తిరుమలలో ఆకాశగంగ, పాపవినాశనం నీళ్లు నోటికి ఎంతో తేలిగ్గా ఉంటాయి. కింద మా వీధి బోరు నీళ్లతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. కొండకూ ఊరికీ మధ్య అంత దూరం లేదు కదా, ఇంత తేడా ఎందుకు?

తేడా దూరంలో లేదమ్మా, రాయిలో ఉంది. తిరుమల కొండ పైభాగమంతా నగరి క్వార్ట్‌జైట్. ఒకప్పుడు నీటి అంచున పొరలు పొరలుగా పేరుకున్న ఇసుక, కోట్ల ఏళ్లలో గట్టిపడి అలా రాయయింది. అందులో ఉన్నది దాదాపు అంతా సిలికాయే. వాన చినుకు గాలిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని కొంచెం ఆమ్లంగా నేల మీద పడుతుంది. అంత బలహీనమైన ఆమ్లానికి సిలికా లొంగదు. అందుకే ఆ రాతి పగుళ్లలోంచి ఊరి వచ్చే నీళ్లలో లవణాలు చాలా తక్కువ, గుణంలో అవి వాన నీళ్లకు దగ్గర.

మీ వీధి కింద ఉన్నది గ్రానైటు. అందులో ఫెల్డ్‌స్పార్, నల్ల అభ్రకం, హార్న్‌బ్లెండ్ వంటి ఖనిజాలున్నాయి. నేలలోకి ఇంకిన నీరు ఫెల్డ్‌స్పార్‌ను మెల్లమెల్లగా బంకమట్టిగా మారుస్తూ, దానిలోని సోడియం, కాల్షియంలను తనలో కలుపుకుంటుంది. నల్ల ఖనిజాల నుంచి మెగ్నీషియం వస్తుంది. నీటి కఠినత్వానికి కారణం ఈ కాల్షియం, మెగ్నీషియంలే. పప్పు గింజలోని పెక్టిన్‌ను కాల్షియం బిగబడుతుంది, అందుకే ఎంతసేపు పొయ్యి మీద ఉన్నా పలుకుగానే ఉంటుంది. సబ్బుతో కలిస్తే నురగకు బదులు తెల్లటి తెట్టు కడుతుంది. తాగునీటి భారతీయ ప్రమాణం ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు.

ఈ రెండు రాళ్లూ కలిసే చోటును మీరు చూడవచ్చు. ఘాట్ రోడ్డు కోసం కొండను చెక్కిన చోట పైన పలకలు పలకలుగా పేర్చినట్టున్నది క్వార్ట్‌జైట్, సుమారు 160 కోట్ల ఏళ్ల నాటిది. దాని కింద పొరలు లేకుండా ముద్దగా ఉన్నది గ్రానైటు, 240 కోట్ల ఏళ్లకు పైబడినది. రెండూ తగిలే గీతను భూవిజ్ఞానులు ఎపార్కియన్ అన్‌కన్‌ఫార్మిటీ అంటారు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా ప్రకటించి అక్కడ బోర్డు పెట్టింది. ఆ ఒక్క గీతలో దాదాపు ఎనభై కోట్ల ఏళ్ల చరిత్ర కనబడకుండా పోయింది. అంతకాలం గ్రానైటు నేల ఎండకూ వానకూ అరిగిపోతూ ఉంది, ఆ తర్వాతే దాని మీద ఇసుక పేరుకుంది. ఏటా కోట్ల మంది భక్తులు ఆ గీత పక్కనుంచే వెళుతున్నారు. ఈసారి వెళ్లినప్పుడు పిల్లలకు తప్పకుండా చూపించండి. కొండ మీది శిలాతోరణం కూడా అదే క్వార్ట్‌జైట్ అరిగి మిగిలిన వంపే.

ఒక్క హెచ్చరిక. లవణాలు తక్కువైనంత మాత్రాన ఊట నీళ్లు సురక్షితమని కాదు. కోతులూ జనమూ తిరిగే చోట సూక్ష్మక్రిములు తప్పవు, అవి కంటికి కనబడవు. తీర్థంగా తీసుకునే నాలుగు చుక్కల మాట వేరు. సీసాలో పట్టుకొచ్చి తాగేటట్టయితే కాచి తాగండి.

పలమనేరు దగ్గరి నుంచి ఒక రైతు: కొబ్బరికాయ నిలబడిన చోట బోరు వేయించాను. ఎనిమిది వందల అడుగులకు కూడా పొగే వచ్చింది. పక్క చేనాయనకు రెండు వందల యాభైకే రెండించులు పడ్డాయి. ఇంకో నాలుగు వందలు దించమని బోరు బండివాళ్లు అంటున్నారు. దించమంటారా?

వద్దు. ఇప్పటిదాకా పెట్టిన ఖర్చు చాలు, ఇంకా లోతుకు డబ్బు పోయకండి.

మన గ్రానైటులో నీళ్లు ఉండే చోట్లు రెండే. ఒకటి, పైన రాయి కుళ్లి మెత్తబడిన పొర. ఇది చాలా చోట్ల అరవై డెబ్బై అడుగులు దాటదు. రెండు, దాని కింద గట్టి రాతిలోని పగుళ్లు. లోతుకు పోయేకొద్దీ పైనున్న రాతి బరువుకు ఆ పగుళ్లు మూసుకుపోతాయి. మూడు వందల అడుగులు దాటితే నీళ్లిచ్చే పగులు తగిలే అవకాశం బాగా తగ్గుతుంది, ఖర్చు మాత్రం అడుగు అడుగుకీ పెరుగుతుంది.

పక్క చేనులో పడి మీ చేనులో పడకపోవడానికి ఇంకో కారణం ఉండొచ్చు. చిత్తూరు ప్రాంతపు గ్రానైటులో నల్లరాతి గోడలు చాలా ఉన్నాయి. కరిగిన శిలాద్రవం పగుళ్లలోకి చొరబడి గడ్డకట్టిన డోలరైటు అది, భూవిజ్ఞానులు డైక్ అంటారు. చేల మధ్య నల్ల గుండ్లు ఒకే వరసలో పోతూ కనబడితే అదే. గట్టి డైక్ భూమి లోపల కట్టలా నీటిని ఆపుతుంది. వాలుకు ఎగువన ఉన్న బావిలో ఊట నిలుస్తుంది, దిగువన ఉన్నది ఎండుతుంది. మీ చేను దానికి ఏ వైపున ఉందో ఒకసారి నడిచి చూడండి.

నీళ్ల జాడ చెబుతాయనే కొబ్బరికాయ, వేపపుల్ల విషయం సూటిగా చెబుతాను. జాగ్రత్తగా జరిపిన పరీక్షల్లో అవి గుడ్డి అంచనా కంటే మెరుగని తేలలేదు. కాస్త నీళ్లుండే నేలలో ఎక్కడ వేసినా కొన్ని బోర్లు పడతాయి, ఆ పడినవే జనానికి గుర్తుంటాయి. దానికి బదులు విద్యుత్ నిరోధక సర్వే చేయించండి. నేలలో నాలుగు ఇనుప కడ్డీలు దిగ్గొట్టి, రెండింటి గుండా కరెంటు పంపి, మిగతా రెండింటి మధ్య వోల్టేజీ కొలుస్తారు. తడిసిన మెత్తరాయి కరెంటును తేలిగ్గా పోనిస్తుంది, పగులు లేని గ్రానైటు అడ్డుకుంటుంది. అదీ గ్యారంటీ ఇవ్వదు. కానీ ఫలానా చోట వేయొద్దని నమ్మకంగా చెప్పగలదు. మీలాంటి వారికి ఆ మాటే లక్షలు మిగులుస్తుంది.

2000ల్లో చిత్తూరు సహా ఏడు జిల్లాల్లో రైతులు స్వయంగా నిర్వహించే భూగర్భజల పథకం నడిచింది. ఆ ఊళ్లలో రైతులే వర్షమాపకం చూశారు, బావుల్లో నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీటికి ఎన్ని ఎకరాలు, ఏ పంట అని లెక్కగట్టారు. మన మెట్ట ప్రాంతానికి నా దృష్టిలో ఇంతకన్నా మంచి విజ్ఞానశాస్త్రం రాలేదు. మీ ఊళ్లో పదిమంది కలిసినా ఆ పని మళ్లీ మొదలుపెట్టవచ్చు.

మదనపల్లె వైపు నుంచి ఒక ఉపాధ్యాయిని: మా బడి పిల్లల్లో చాలామందికి పళ్ల మీద పసుపు, గోధుమ రంగు గారలున్నాయి. ఊరికి కొత్త లోతు బోరు నీళ్లే ఆధారం. కాచి తాగితే సరిపోతుందా?

సరిపోదు, కాచడం వల్ల కీడే. మీరు చెప్పినదాన్ని బట్టి ఫ్లోరైడును అనుమానించాలి. కాచితే నీరు ఆవిరవుతుంది, ఫ్లోరైడు మిగిలి ఇంకా చిక్కబడుతుంది.

మొదటి ఉత్తరానికి చెప్పిన రసాయనం ఇక్కడ అడ్డం తిరుగుతుంది. ఫ్లోరైడు గ్రానైటులోని ఫ్లోరైటు, అపటైటు, నల్ల అభ్రకం నుంచి వస్తుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడును ఎక్కువ కరగనివ్వదు. కానీ మెంతులు ఎంతసేపు నానితే నీళ్లు అంత చేదెక్కినట్టు, లోతు పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలో సోడియం బైకార్బొనేటు పెరుగుతూ పోతుంది. కాల్షియం సున్నపు గడ్డలుగా విడిపోతుంది. అడ్డం తొలగాక ఫ్లోరైడు యథేచ్ఛగా కరుగుతుంది. కాబట్టి కొత్త బోరు నీళ్లకు సబ్బు నురగ బాగా వస్తోందని సంతోషించవద్దు. లోతు బోరులో మెత్తగా తోచే నీళ్లనే ముందు పరీక్షించాలి. ఫ్లోరైడుకు రుచీ, రంగూ, వాసనా ఉండవు.

లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మంచిది, వేరే దారి లేకపోతే 1.5 వరకు. అంతకు మించితే, పళ్లు ఏర్పడే వయసులో, అంటే ఎనిమిదేళ్ల లోపు తాగిన పిల్లలకు గారలు పడతాయి. ఏళ్ల తరబడి ఇంకా ఎక్కువ తాగితే కీళ్లూ ఎముకలూ బిగుసుకుంటాయి. మన దేశంలో ఈ జబ్బును వైద్యులు మొదట గుర్తించి 1937లో వెల్లడించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. అంతకు ముందే అక్కడి రైతులు తమ ఎద్దులు కుంటడం గమనించారు. పల్లె మనిషి చూపుకు శాస్త్రం ఇంత రుణపడి ఉంది.

పడిన గార పోదు, కొత్తగా పడకుండా ఆపవచ్చు. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుగుకు దించుతారు. ఆర్‌ఓ యంత్రమూ తీసేస్తుంది, కానీ అది వదిలే చిక్కటి నీళ్లను మళ్లీ బోరు పక్కనే పోస్తే తీసిన విషాన్ని నేలకే తిరిగి ఇచ్చినట్టు. నన్నడిగితే మీ బడికి వాన నీళ్లే మేలు. వంద చదరపు మీటర్ల కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే వంద లీటర్లు. ఏడాదికి 900 మిల్లీమీటర్లనుకొని, ఐదో వంతు వృథా తీసేసినా 72 వేల లీటర్లు దొరుకుతాయి. మొదటి వాన కప్పు కడగడానికి వదిలేసి, తర్వాతిది మూతపెట్టిన తొట్టిలో నిలవ చేయండి. మధ్యాహ్న భోజనంలో పాలు, గుడ్డు, ఉసిరి ఉంటే కాల్షియం, సి విటమిన్ అంది పిల్లల ఎముకలకు రక్షణ.

శ్రీకాళహస్తి నుంచి ఒక రైతు: స్వర్ణముఖిలో ఇసుక తీస్తే మా బావులు ఎండుతాయంటారు. నిజమేనా?

నిజమే. ఏటి ఇసుక రేణువుల మధ్య చాలా ఖాళీ ఉంటుంది, వాన వెలిసినా ఆ ఖాళీలో నీళ్లు నిలుస్తాయి. మన పెద్దలు ఏటిలో చెలమలు తవ్వుకున్నదీ, ఊటకాలువలు తీసి చేలకు నీళ్లు పారించుకున్నదీ ఈ నిలవ మీదే. ఇసుక మందం తగ్గితే నిలవ తగ్గుతుంది, ఒడ్డు బావుల నీరు లోతైన ఏటి గుంటల్లోకి జారిపోతుంది. ఇసుక తవ్వకాన్ని అదుపు చేసే నిబంధనలు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టంలోనే ఉన్నాయి. గ్రామసభలో తీర్మానం చేసి అధికారులకు పంపండి.

తిరుపతి నుంచి ఇంటర్ విద్యార్థి: 2021 నవంబరు వరదల తర్వాత మా ఊళ్లో ఒక ఇంటి భూగర్భ నీటితొట్టి కడుగుతుండగా నేలలోంచి పైకి లేచిందట. అది ఎలా సాధ్యం? భూగర్భజలం మీద సైన్స్ ప్రాజెక్టు చేయాలనుంది, ఏం చేయాలి?

ఆర్కిమెడిస్ సూత్రమే. ఆ వానలకు నేల నిండి నీటిమట్టం దాదాపు పైదాకా వచ్చింది. సిమెంటు ఒరలతో కట్టిన తొట్టి నిండుగా ఉన్నంతసేపు దాని బరువు దాన్ని పట్టి ఉంచింది. కడగడానికి ఖాళీ చేయగానే, అది తొలగించిన నీటి బరువు తొట్టి బరువును మించింది. చుట్టూ మట్టి నాని పట్టు వదిలింది, తొట్టి తేలింది. భారీ వానల తర్వాత నేలలోని తొట్టిని పూర్తిగా ఖాళీ చేయవద్దని మీ ఇంట్లో కూడా చెప్పు.

ప్రాజెక్టుకు మీ వీధిలోని బోర్ల కఠినత్వం కొలువు. యాభై మిల్లీలీటర్ల నమూనాలో అమోనియా బఫరు, చిటికెడు ఎరియోక్రోమ్ బ్లాక్-టి వేస్తే ద్రాక్షరంగు వస్తుంది. 0.01 మోలార్ ఈడీటీఏ ద్రావణాన్ని చుక్కచుక్కగా కలుపుతూ నీలం తిరగగానే ఆపు. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో దాన్ని ఇరవైతో గుణిస్తే లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో వస్తుంది. మీ కెమిస్ట్రీ మాస్టారి సమక్షంలో చెయ్యి. ఫ్లోరైడుకైతే గాజు సీసా వద్దు, ప్లాస్టిక్‌ది వాడు. మోటారు పది నిమిషాలు ఆడించి, అదే నీటితో సీసాను మూడుసార్లు తొలిచి, నిండా పట్టి, బోరు లోతు, తేదీ రాసి గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు ఇవ్వు. అనుమానాలుంటే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం భూవిజ్ఞాన విభాగానికి వెళ్లి అడుగు. ఫలితాలు వచ్చాక వాటిని నోటుపుస్తకంలో దాచకు. ఏ బోరు నీళ్లు తాగవచ్చో, ఏవి తాగకూడదో రాసి మీ వీధివాళ్లందరికీ కనబడే చోట అంటించు.