పిచ్‌కి పోయేముందు

పొదిలి



పిచ్ పోటీకి పేరిచ్చావని మీ నాన్న చెప్పాడు. సంతోషం. అయితే పోటీలన్నీ ఒక్కటి కావు. 2008లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం మొదలుపెట్టిన త్రీ మినిట్ థీసిస్‌లో ఒక్కటే స్లైడు, మూడే నిమిషాలు, దాటితే తీసేస్తారు. అక్కడ గెలిచేది మాట.

డబ్బిచ్చే చోట లెక్క వేరు. కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ వారి బయోటెక్నాలజీ ఇగ్నిషన్ గ్రాంటు 18 నెలలకు 50 లక్షల రూపాయల దాకా ఇస్తుంది. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని ఐకేపీ నాలెడ్జ్ పార్కు దాని భాగస్వాముల్లో ఒకటి. దరఖాస్తు వడపోత దాటాక నిపుణుల ముందు నిలబడాలి. అక్కడ ప్రసంగం కంటే జవాబులే పనికొస్తాయి.

నీ పిచ్ ఫ్లోరైడ్ కొలిచే పరికరం గురించి కదా. పొదిలి పిల్ల ఫ్లోరైడ్ సంగతి ఎత్తుకుంటే ఊరి కష్టమంతా చెప్పాలనిపిస్తుంది. దేశంలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును 1937లో గుర్తించింది నెల్లూరు జిల్లాలోనే. పొదిలి అప్పట్లో ఆ జిల్లాలోదే, ప్రకాశం పుట్టింది 1970లో కదా. గార పళ్లు, వంగని నడుములు, అన్నీ నిజమే. వాటికి అర నిమిషం చాలు.

జిర్కోనియం, అలిజరిన్ కలిపిన ద్రావణం వేస్తే ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లలో గులాబీ రంగు పసుపుకు తిరుగుతుంది. ఇది పాత పరీక్షే. బోరు సంగతి చెబుతుంది గానీ పిల్లాడి ఒంట్లోకి ఎంత పోతోందో చెప్పదు. దానికి మూత్రంలో కొలవాలి. ల్యాబుల్లో ఎలక్ట్రోడ్‌తో కొలుస్తున్నారు. నీ పరికరం ఆ పని ఊళ్లోనే చేస్తుందంటావు. అలాగైతే ప్రశ్నలు మొదలవుతాయి: ఆశా కార్యకర్త దాన్ని వాడగలదా? మే నెల ఎండకు పాడవదా? కొనేదెవరు?

ఈ ప్రశ్నలకు మన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు కథ పనికొస్తుంది. ఆయన 1922లో హార్వర్డ్‌కు వెళ్లింది కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ, మామగారు చేసిన సాయంతో. 1925లో తోటి పరిశోధకుడు ఫిస్కేతో కలిసి ప్రకటించింది మందు కాదు, కొలిచే పద్ధతి: ఫాస్ఫరస్ ఎంతుందో నీలి రంగును బట్టి తేల్చేది. మామూలు ల్యాబులో కూడా చేసుకోగలిగేది కనుకే అంతగా వాడారు. నీ జడ్జీలు వెతికేదీ అదే.

వాళ్ల ప్రశ్నలు పొల్లుపోకుండా రాసుకోడానికి ఓ స్నేహితురాలిని వెనక కూర్చోబెట్టు; గ్రాంటు రాకపోయినా తర్వాతి దరఖాస్తు ఆ కాగితం మీదే మొదలవుతుంది. జవాబు తెలియకపోతే తెలియదను, ఎన్ని శాంపిళ్లతో, ఎన్ని నెలల్లో తేలుస్తావో చెప్పు. పిల్లల శాంపిళ్లు కాబట్టి ఎథిక్స్ కమిటీ అనుమతి ఎందాకా వచ్చిందని తప్పక అడుగుతారు. ఆ కాగితం ఫైల్లో పైనే ఉండాలి.