మహాపురుషుల జీవితములనుండి గ్రహింపవలసినది

మహాపురుషుల చరిత్రములు చదువు నభ్యాసము విద్యావంతులలో విస్తారముగా గలదు. చదువునప్పుడు మనస్సు ఉప్పొంగును; గ్రంథము మూసిన మఱునాటికి నడవడి యథాప్రకారముగనే యుండును. ఇందులకు గారణ మేమనగా, మనము వారు పొందిన ఫలమును మెచ్చుకొనుచున్నాము గాని, వారు చేసిన కృషియొక్క పద్ధతిని విచారించుట లేదు. పరుల తోటలోని పండును బొగడినంతమాత్రమున మన పెరటిలో జెట్టు మొలవదు. కావున నొక ప్రసిద్ధపురుషుని పద్ధతిని నిదానముగా బరిశీలింతము.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1706వ సంవత్సరమున అమెరికాలోని బోస్టన్ పట్టణమున జన్మించెను. తండ్రి సబ్బులును క్రొవ్వువత్తులును జేసి జీవించువాడు. బాలునకు బడిచదువు రెండేండ్లతోనే ముగిసెను. పండ్రెండవయేట నాతడు అన్నగారి ముద్రాక్షరశాలలో బనికి గుదిరెను. అక్కడ నున్నకాలమున ఇంగ్లండునందు వెలువడిన ‘స్పెక్టేటర్’ పత్రికాసంపుట మొకటి యాతని చేజిక్కెను. అట్టి శైలి తనకును గావలెనని కోరెను, కోరి యూరకుండలేదు. ఒక్కొక్క వాక్యముయొక్క భావమును సంగ్రహముగా వ్రాసికొని, కొన్నిదినములు ప్రక్కన నుంచి, పిమ్మట గ్రంథమును జూడక యా వ్యాసమును తన మాటలతో మరల వ్రాసెడివాడు. తరువాత మూలముతో సరిపోల్చి తప్పులు దిద్దుకొనెడివాడు. తనకు బదసంపద చాలదని తెలిసినప్పుడు కొన్ని కథలను బద్యములుగా మార్చి, మూలము మఱచినపిదప వానిని దిరుగ వచనముగా మార్చెడివాడు. ఈ సాధనయంతయు రాత్రి పని ముగిసినతరువాతను, ఉదయము పని మొదలు పెట్టకముందును, ఆదివారములందును జరిగినది.

చదువరులారా, ఇందు మూడు మెట్లు గలవు: ఉత్తమమగు మాదిరి నెన్నుకొనుట, దానిని జూడక స్వయముగా బ్రయత్నించుట, తన తప్పును దానే కనుగొనుట. ఇవి యే విద్యకైనను జెల్లును. క్రొత్తగా వృత్తిలో బ్రవేశించిన న్యాయవాది సమర్థుని వాదమును విని తలయూపి వచ్చినయెడల లాభము స్వల్పము. ఇంటికి వచ్చి యా వాదమును దాను మరల గూర్చి వ్రాసి, ఎచ్చట లోపము గలిగెనో చూచుకొన్నవానికే విద్య యబ్బును.

శీలమును దిద్దుకొనుటకును ఫ్రాంక్లిన్ ఇట్టి యుపాయమునే యవలంబించెను. మితాహారపానములు, మౌనము, క్రమము, న్యాయము మొదలగు పదుమూడు సుగుణములను నిర్ణయించి, యొక చిన్నపుస్తకమున ఎఱ్ఱసిరాతో గడులు గీచి, దినదినము తాను జేసిన దోషమునకు నల్లచుక్క పెట్టుచుండెను. అన్నిటిని ఒక్కసారి సాధింపబూనక, వారమున కొక్క గుణముపై విశేషశ్రద్ధ నిలిపెను. పదుమూడు వారముల కొక యావృత్తి, సంవత్సరమునకు నాలుగావృత్తులు. తాననుకొన్నదానికంటె దోషము లధికముగా గానవచ్చుట చూచి యాశ్చర్యపడితిననియు, ‘క్రమము’ అను గుణము తనకు బట్టుబడలేదనియు స్వీయచరిత్రమున నాతడే యంగీకరించెను. లెక్క వ్రాయనివానికి అప్పు కానరానట్లే, పరీక్షించుకొననివానికి దోషము కానరాదు.

అయినను ఈ పద్ధతికి నొక కొఱత గలదు. మొదట నాతని పట్టికలో నున్నవి పండ్రెండు గుణములే. నీవు గర్విష్ఠివని లోకు లనుకొనుచున్నారని యొక స్నేహితుడు దృష్టాంతములతో దెలిపినమీదటనే వినయము పదుమూడవదిగా జేరినది. అంతకంటె ఘోరమగు విషయ మింకొకటి. పట్టికలో ‘న్యాయము’ ఉన్నను, ఆతడు బానిసలను గలిగియుండెను. ఆతని వార్తాపత్రికలో బానిసల విక్రయప్రకటనలును వెలువడెను. వార్ధకమున మాత్రమే కన్ను దెఱచి, 1787వ సంవత్సరమున పెన్సిల్వేనియాలోని బానిసత్వనిర్మూలనసంఘమునకు అధ్యక్షుడై, 1790వ సంవత్సరమున నా దురాచారమునకు వ్యతిరేకముగా అమెరికా శాసనసభకు బంపిన వినతిపత్రమున జేవ్రాలు చేసెను. ఆ సంవత్సరముననే మరణించెను.

దోషమని మనకు దోచనిదానికి మనము చుక్క పెట్టము. కావున పట్టికను మన మొక్కరమే వ్రాసికొనినచో జాలదు. మన మాటవలన నొచ్చినవారిని, మనక్రింద బనిచేయువారిని, ఇంటిలో మన యాజ్ఞకు లోబడియుండువారిని అభయమిచ్చి యడుగవలెను. వారు చెప్పినది చేదుగా నున్నను బుస్తకమున కెక్కింపవలెను.

ఈ వారమున నొక్క గుణము నెన్నుకొనుడు. రాత్రి నిద్రకు ముందు సత్యముగా లెక్క వ్రాయుడు. వారాంతమున దానిని నిర్భయముగా మాటలాడగల యొక్కరికి జూపుడు. మహాపురుషుని బొగడుటకంటె నిది కష్టము. వానివలన నిజముగా లాభముపొందు మార్గము మాత్ర మిదియే.