గోడ నుంచి కంప్యూటర్ దాకా: అమెరికా ఇంట్లో కేబుల్ ఇంటర్నెట్ అమరిక

అమెరికాలో ఎన్నో ఇళ్లకు ఇంటర్నెట్‌ను చేరవేస్తున్న కేబుల్ మొదట టెలివిజన్ కోసం వేసినది. 1948లో ఆర్కన్సా, ఆరెగాన్, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లో ప్రసారాలు సరిగా అందని ఊళ్ల కోసం ఎత్తైన చోట ఒక పెద్ద యాంటెన్నా నిలిపి, అక్కడి నుంచి ఇంటింటికీ తీగ లాగే పద్ధతి మొదలైంది. తరువాతి దశాబ్దాల్లో దేశమంతా అల్లుకున్న ఆ తీగల మీదుగానే కంప్యూటర్ సమాచారాన్ని కూడా నడిపించడానికి 1997లో డాక్సిస్ అనే సాంకేతిక ప్రమాణం వెలువడింది. తీగలో రేడియో తరంగాలుగా వచ్చే సిగ్నల్‌ను కంప్యూటర్ చదవగలిగే రూపంలోకి, కంప్యూటర్ పంపేదాన్ని తిరిగి తరంగాల రూపంలోకి ఆ ప్రమాణం ప్రకారం మార్చే పెట్టెనే కేబుల్ మోడెమ్ అంటారు.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఇంటర్నెట్ పెట్టించుకున్నవారి అనుభవం ఇక్కడ కొంతవరకే ఉపయోగపడుతుంది. అక్కడ ఇప్పుడు ఎక్కువ ఇళ్లకు వచ్చేది ఫైబర్, అంటే వెలుతురును మోసే సన్నని గాజు తీగ. ఆపరేటర్ పంపిన మనిషి వచ్చి పెట్టె బిగించి, వైఫై పాస్‌వర్డ్ చెప్పి వెళతాడు. అమెరికాలో కేబుల్ కంపెనీలు సామగ్రిని ఇంటికి పంపి, బిగించుకునే పనిని చాలావరకు ఇంటివారికే వదిలేస్తాయి. మనిషిని రప్పించుకుంటే వేరే రుసుము పడవచ్చు. ఇండియా నుంచి తెచ్చిన ఫైబర్ పెట్టె కేబుల్ లైనుకు పనికిరాదు. విడి వైఫై రూటర్ మాత్రం, దాని అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టుల వరకు అని రాసి ఉంటే, ఇక్కడి 120 వోల్టుల కరెంటుతో పనిచేస్తుంది. ప్లగ్ ఆకారం మార్చే చిన్న పరికరం ఒకటి కావలసి ఉంటుంది.

కనెక్షన్ తీసుకునే ముందు ఆ చిరునామాకు ఏ కంపెనీ లైను ఉన్నదో తెలుసుకోవాలి. కామ్‌కాస్ట్ వారి ఎక్స్‌ఫినిటీ, చార్టర్ వారి స్పెక్ట్రమ్ వంటి పేర్లు తరచు వినిపించినా, ఒక ఇంటికి సాధారణంగా ఒకే కేబుల్ కంపెనీ సేవ అందుతుంది. ప్రతి పథకం నెల ధరను, ప్రారంభ రాయితీ ముగిశాక పడే ధరను, అదనపు రుసుములను, సాధారణంగా అందే వేగాన్ని ఒక పట్టికలో చూపించాలని ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ విధించిన నియమం 2024లో అమలులోకి వచ్చింది కాబట్టి, ప్రకటనలోని పెద్ద అక్షరాలకంటే ఆ పట్టికను చదవడం మేలు. అందులో వేగం మెగాబిట్లలో ఉంటుంది. ఫైళ్ల పరిమాణాన్ని కొలిచే మెగాబైట్ దానికి 8 రెట్లు పెద్దది గనుక, సెకనుకు 100 మెగాబిట్ల కనెక్షన్ మీద మహా అయితే సెకనుకు 12.5 మెగాబైట్లు దిగుతాయి. మోడెమ్‌ను నెలకు ఇంత అని అద్దెకు తీసుకోవచ్చు, లేదా కంపెనీ ఆమోదించిన జాబితాలోని దాన్ని కొనుక్కోవచ్చు. సొంత పరికరం వాడేవారి దగ్గర అద్దె వసూలు చేయరాదని 2019లో చేసిన చట్టం చెబుతుంది. మోడెమ్‌కు వేరే అద్దె పడే చోట, రెండుమూడేళ్లయినా ఉండబోయేవారికి కొనుక్కోవడమే లాభం.

ఈ అమరిక మొత్తంలో ఒక సరిహద్దు ఉన్నది. దాన్ని గుర్తుపెట్టుకున్నవారికి ఏ చిక్కు వచ్చినా ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. గోడ సాకెట్ నుంచి మోడెమ్ దాకా ఉన్నది కంపెనీ పరిధి: మోడెమ్ సొంతంగా కొన్నదే అయినా, దాని వేగ పరిమితిని నిర్ణయించేదీ, దాన్ని నడిపించే ఫర్మ్‌వేర్ అనే లోపలి ప్రోగ్రామును మార్చేదీ కంపెనీయే. మోడెమ్ దాటాక వచ్చేదంతా ఇంటివారి పరిధి. ఒకే కనెక్షన్‌ను ఇంట్లోని పరికరాలన్నిటికీ పంచే రూటర్ ఈ రెండో వైపుకు చెందినది. అద్దెకిచ్చే చాలా పెట్టెల్లో మోడెమ్, రూటర్ రెండూ కలిసే ఉంటాయి. అలాంటి పెట్టెను గేట్‌వే అంటారు, అక్కడ సరిహద్దు ఆ పెట్టె లోపలే ఉంటుంది.

గోడ నుంచి వచ్చేది కోయాక్సియల్ కేబుల్. నడుమ ఒక లోహపు తీగ, దాని చుట్టూ తెల్లని ఇన్సులేషన్, ఆపైన బయటి సిగ్నళ్లు చొరబడకుండా లోహపు జల్లెడ, అన్నిటిమీదా ప్లాస్టిక్ తొడుగు ఉండే ఈ కేబుల్ కొసన మరతిప్పి బిగించే కనెక్టర్ ఉంటుంది. నడుమ తీగ వంగకుండా నిటారుగా ఉన్నదో లేదో చూసి, వేళ్లతో తిప్పగలిగినంత గట్టిగా బిగించాలి, ఎందుకంటే అప్పుడప్పుడు తెగిపోయే కనెక్షన్లకు వదులుగా ఉన్న ఈ మరే తరచు కారణం. అపార్ట్‌మెంట్‌లో రెండు మూడు గదుల్లో సాకెట్లు ఉన్నా అన్నింటిలోనూ లైను సజీవంగా ఉండదు. పాత అద్దెదారులు టీవీ కోసం పెట్టి వదిలేసిన స్ప్లిటర్ ఉంటే తీసేయాలి: ఒక లైనును రెండుగా చీల్చే ఆ చిన్న పరికరం ఒక్కో కొసకు సుమారు 3.5 డెసిబెల్స్, అంటే సిగ్నల్ బలంలో సగానికి పైగా, తగ్గిస్తుంది.

కేబుల్ బిగించిన తరువాతే మోడెమ్‌కు కరెంటు ఇవ్వాలి. లైట్లు కొంతసేపు మిణుకుమంటాయి. మోడెమ్ ముందు కంపెనీ నుంచి దిగువకు వచ్చే చానెళ్లను, తరువాత ఇంటి నుంచి పైకి పంపే చానెళ్లను వెతికి పట్టుకుంటుంది, చివరకు ఆన్‌లైన్ లైటు నిలకడగా వెలుగుతుంది. కొత్త మోడెమ్ అయితే దాన్ని కంపెనీ తన ఖాతాలో నమోదు చేసుకోవాలి. అందుకు అడిగేది మ్యాక్ అడ్రస్, అంటే ప్రతి నెట్‌వర్క్ పరికరానికీ తయారీలోనే ఇచ్చే 12 అక్షరాంకెల గుర్తింపు. అది పెట్టె అడుగున అతికించిన కాగితం మీద ఉంటుంది గనుక, మోడెమ్‌ను అలమరలో అమర్చకముందే ఫొటో తీసిపెట్టుకుంటే ఫోనులో మాట్లాడేటప్పుడు తడుముకోనక్కరలేదు.

కొత్తవారు వైఫైతోనే మొదలుపెట్టడం సహజమే గానీ, అది సరైన క్రమం కాదు. ముందు ఒక కంప్యూటర్‌ను ఈథర్నెట్ తీగతో, అంటే లోపల ఎనిమిది సన్నని తీగలుండే నెట్‌వర్క్ కేబుల్‌తో, నేరుగా మోడెమ్‌కు కలిపి చూడాలి. అలా ఇంటర్నెట్ వస్తే కంపెనీ పరిధిలో లోపమేమీ లేదని తేలిపోతుంది, ఆ తరువాత రూటర్ కలిపాకనే ఇబ్బంది మొదలైతే రూటర్‌నో వైఫైనో చూసుకుంటే చాలు. కంప్యూటర్‌లో అంకెలేవీ నింపనక్కరలేదు. ఐపీ అడ్రస్‌ను, అంటే నెట్‌వర్క్‌లో ఆ పరికరానికి దక్కే చిరునామాను, డీహెచ్‌సీపీ అనే ఏర్పాటు తానే అందిస్తుంది. ఆ చిరునామా 169.254తో మొదలైతే మాత్రం, అడిగినా ఎవరూ ఇవ్వనందున కంప్యూటర్ తనకు తానే పెట్టుకున్నదని అర్థం.

ఇక్కడే చాలామందిని తికమకపెట్టే విషయం ఒకటి ఉన్నది. విడి మోడెమ్ సాధారణంగా తనకు మొదట కలిసిన ఒక్క పరికరం మ్యాక్ అడ్రస్‌నే గుర్తుపెట్టుకుంటుంది. కంప్యూటర్‌తో పరీక్షించి, ఆ తీగను తీసి రూటర్‌కు పెడితే, మోడెమ్ ఇంకా పాత పరికరం కోసమే చూస్తూ రూటర్‌ను పట్టించుకోదు. అప్పుడు రూటర్ చెడిపోయిందనుకుని దుకాణానికి తిరిగి ఇచ్చేసేవారూ ఉంటారు. మోడెమ్‌కు కరెంటు తీసి, నిమిషం ఆగి, తిరిగి ఇచ్చి, ఆన్‌లైన్ లైటు నిలిచాక రూటర్‌ను ఆన్ చేస్తే పని జరిగిపోతుంది.

రూటర్‌లో ముందుగా మార్చవలసింది దానితో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్, అంటే దాని అమరికలను మార్చడానికి అడిగేది. వైఫైకి డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 రక్షణ ఎంచుకోవాలి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం గోడలు దాటి దూరం పోతుంది, 5 గిగాహెర్ట్జ్ దగ్గరలో ఎక్కువ వేగమిస్తుంది.

సాయంత్రం వేళ వేగం తగ్గితే దానికి ఇల్లు కారణం కాకపోవచ్చు. కేబుల్ లైను వీధిలోని ఎన్నో ఇళ్లు పంచుకునేది. పైగా చాలాచోట్ల పైకి పంపడానికి 5 నుంచి 42 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న ఇరుకైన భాగాన్ని, దిగువకు రావడానికి 54 నుంచి సుమారు 1000 వరకు ఉన్న విశాలమైన భాగాన్ని కేటాయించారు. తూర్పు తీరంలో వేసవి రాత్రి 8:30 అంటే ఇండియాలో ఉదయం 6 గంటలు. అమ్మానాన్నలతో వీడియోలో మాట్లాడే ఆ వేళే ఇరుగుపొరుగంతా సినిమాలు చూసే వేళ కూడా. అటువైపువారి ముఖం స్పష్టంగా కనిపిస్తూ, ఇటువైపు బొమ్మ మాత్రం వారికి ఆగి ఆగి వెళుతుంటే, అనుమానించవలసింది పైకి పోయే దారినే. తీగతో కలిపిన కంప్యూటర్‌లోనూ అలాగే ఉంటే బ్రౌజర్‌లో 192.168.100.1 అని కొట్టి చాలా మోడెముల స్థితి పేజీని చూడవచ్చు. అందులో దిగువ చానెళ్ల బలం సిగ్నల్ బలాన్ని కొలిచే డీబీఎంవీ లెక్కలో −7కు, +7కు మధ్య లేకపోతే, ఆ అంకెలనే కంపెనీకి చెప్పి టెక్నీషియన్‌ను అడగాలి. అంకెలతో చెప్పిన ఫిర్యాదును తోసిపుచ్చడం కష్టం.

ఇల్లు మారేటప్పుడు అద్దె పెట్టెను, దాని అడాప్టర్‌తో సహా కంపెనీ దుకాణంలో అప్పగించి, సీరియల్ నంబరు ఉన్న రసీదు తీసుకుని, చివరి బిల్లు వచ్చేదాకా భద్రపరచాలి. పెట్టె చేరలేదని కంపెనీ లెక్కల్లో ఉండిపోతే దాని పూర్తి ధర ఆ బిల్లులో పడుతుంది.